నూనె పేరుకునే రోజులు

మా ఇంట్లో చలికాలం వచ్చిన సంగతి ముందుగా పసిగట్టేది కొబ్బరినూనె సీసా. కార్తీకమాసం వెళ్ళీ వెళ్ళకముందే ఒకనాటి ఉదయం జడ వేసుకుందామని సీసా వంచితే చుక్క రాలదు. పుల్ల పెట్టి గెలికేవారు కొందరు, సీసాని అరచేతికేసి కొట్టేవారు కొందరు, పొయ్యి పక్కన పెట్టి మరిచిపోయి, ప్లాస్టిక్ సీసా కాస్తా నడుం వంగిపోయాక నాలిక కరుచుకునేవారు ఇంకొందరు. మాది విజయవాడ. రోళ్ళు పగిలే ఎండలకి పేరుపడ్డ ఊరు. అటువంటి ఊళ్ళో కూడా మార్గశిరం తెల్లవారుజామున నూనె వెన్నముద్దలా తెల్లగా పేరుకుని కూర్చుంటుంది. పేరుకోవడానికి దానికి పెద్ద చలి అక్కర్లేదు లెండి, 24 డిగ్రీలకు అటూ ఇటూగా దిగితే చాలు. సీసాని గిన్నెడు వేణ్ణీళ్ళలో అయిదు నిమిషాలు నిలబెడితే మళ్ళీ మామూలైపోతుంది. పొయ్యి దాకా తీసుకుపోవలసిన పనే లేదు.

నూనె పేరుకున్ననాటి నుంచీ మా ఇంట్లో తలల మీద చర్చ మొదలవుతుంది. మా అత్తగారిది డెబ్బై ఎనిమిదేళ్ళ అనుభవం. మా అమ్మాయిది ఇరవై ఏళ్ళ పట్టుదల. ఇద్దరి మధ్యా నేను. ఆవిడ కుంకుడుకాయ అంటారు, ఇది షాంపూ అంటుంది. ఆవిడ నువ్వులనూనె అంటారు, ఇది అసలు నూనే వద్దంటుంది. ఆవిడ సాంబ్రాణి ధూపం అంటారు, ఇది కరెంటు డ్రయరు అంటుంది. మావారికి ఈ చర్చలో ఓటు లేదు. చర్చించడానికి ఆయన తలమీద పెద్దగా ఏమీ మిగల్లేదు.

నవ్వుకోవచ్చు గాని, మనవాళ్ళు జుట్టుని ఎన్నడూ తేలిగ్గా తీసుకున్నవాళ్ళు కారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ముఖం కనబడకముందే ఆవిడ జడ తెరమీదుగా వచ్చి వాలుతుంది. తిక్కనగారి భారతంలో ద్రౌపది కృష్ణుడి ముందు నిలబడి చూపించినది తన జుట్టునే. ఈ రెండు ఘట్టాలూ ఏటా పాఠం చెబుతూ వచ్చినదాన్ని గనక, ఇంట్లో ఆడపిల్ల దువ్వెన పట్టుకుని అద్దం ముందు అరగంట నిలబడితే నాకు కోపం రాదు.

నూనె సంగతే ముందు చెబుతాను. ఆ మాటలోనే నువ్వులున్నాయి. నువ్వూ నెయ్యీ కలిసి నూనె అయింది. అరవవాళ్ళ ఎణ్ణెయ్ కూడా అంతే, ఎళ్ అంటే నువ్వులు, నెయ్ అంటే మన నెయ్యే. సంస్కృతంలో తిలల నుంచి వచ్చింది గనక తైలం. అంటే పూర్వులకి నూనె అన్నది ఒక్కటే, నువ్వులనూనె. తక్కినవన్నీ దాని పేరు అరువు తెచ్చుకుని పెట్టుకున్నవి. ఆ లెక్కన కొబ్బరినూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యి అని అర్థం చెప్పుకోవాలి. క్లాసులో ఈ మాట అంటే పిల్లలు నవ్వుతారు. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. "అందుకేగా దాన్ని మంచినూనె అన్నారు" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు.

ఆవిడ పక్షాన వాగ్భటుడు కూడా ఉన్నాడు. అష్టాంగహృదయంలో హేమంత ఋతువులో నడుచుకోవలసిన తీరు చెబుతూ, ఒళ్ళంతా తైలం పట్టించుకోవడంతో పాటు తలకి నూనె పెట్టడం వేరే ప్రస్తావించాడు. పైగా నువ్వులనూనె మన చలికి పేరుకోదు. సున్నా డిగ్రీల దగ్గర కూడా కారుతూనే ఉంటుంది. చలికాలానికి నువ్వులనూనె, వేసవికి కొబ్బరినూనె అని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటులో ఈ సౌకర్యం కొంత ఉండే ఉంటుంది. అలాగని కొబ్బరినూనెని తీసిపారెయ్యడానికీ వీల్లేదు. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో కొబ్బరినూనెని, పొద్దుతిరుగుడు నూనెని, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిలుని పక్కపక్కన పెట్టి చూశారు. వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు అందులోని మాంసకృత్తు కొట్టుకుపోకుండా ఆపినది కొబ్బరినూనె ఒక్కటేనట. కాబట్టి ఈ తగవులో ఎవరూ ఓడిపోనక్కర్లేదు. ఆముదం మాటకొస్తే, నాకు అంత ఇష్టం లేదు. జిడ్డు వదిలించడానికి తోమే తోముడులో ఊడే వెంట్రుకలు, ఆముదం వల్ల వచ్చేవాటి కంటే ఎక్కువని నా అనుమానం.

అసలు చలికాలంలో జుట్టుకి వచ్చే చిక్కేమిటంటే, చలిగాలికి తేమని మోసే శక్తి తక్కువ. వర్షాకాలంలో నీళ్ళు కారినట్టుండే గాలి పుష్యమాసానికి పొడిబారిపోతుంది. మనకి కనబడే వెంట్రుకలో ప్రాణం లేదు, ఉన్నదంతా కుదురులోనే. వెంట్రుక పైన తాటాకు కప్పులాగా ఒకదాని మీద ఒకటి పొలుసులు పరుచుకుని ఉంటాయి. తేమ తగ్గితే ఆ కప్పు రేగుతుంది. అప్పుడు ఒక వెంట్రుక ఇంకొకదానికి తగులుకుని చిక్కుపడుతుంది. మెరుపు పోతుంది, చివర్లు చిట్లుతాయి. మాడు మీద చర్మం పెదవుల్లాగే పొట్టు లేస్తుంది. ఇది చాలదన్నట్టు మనం చేసే పని, చలిగా ఉంది గదా అని పొగలు కక్కే నీళ్ళు నెత్తిన పోసుకోవడం. ఉన్న కాస్త సహజమైన జిడ్డునీ అవి కడిగేస్తాయి. ముంజేతి మీద పోసుకుంటే హాయిగా ఉండే వేడి తలకి చాలు. ఒళ్ళంతా కాగే నీళ్ళు కావాలనుకునేవారు తలని వేరే చెంబుతో కడుక్కోవాలి.

మన కోస్తాలో చలి అంటే తెల్లవారుజామున నాలుగు గంటల ముచ్చట. అదిలాబాదు వైపువాళ్ళూ, లంబసింగి, అరకు వైపువాళ్ళూ మా మాటలు విని నవ్వుకుంటారు. నిజమైన పొడిగాలి ఎలా ఉంటుందో నేను 2019 జనవరిలో ఢిల్లీలో చూశాను. మా ఆడపడుచు వాళ్ళు అక్కడ స్థిరపడి ఇరవై ఏళ్ళయింది. గదిలో హీటరు పెట్టుకుని పడుకున్నాం. పొద్దున్న లేచి ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వుకుంటే వెంట్రుకలు నా మాట వినకుండా దువ్వెన వెంట లేచి నిలబడ్డాయి, చిటపటమని చప్పుడు కూడా. గాలిలో తేమ ఉన్నచోట ఆ విద్యుత్తు ఎప్పటికప్పుడు జారిపోతుంది. అక్కడ హీటరు గాలిని వేడి చేసిందే గాని తేమని చేర్చలేదు గనక గది ఇంకా ఎండిపోయింది. మా ఆడపడుచు నవ్వి, నాకు కర్ర దువ్వెన ఇచ్చింది. రాత్రి హీటరు ముందు వెడల్పు గిన్నెలో నీళ్ళు కూడా పెట్టింది. ఉన్ని టోపీ కింద పల్చని నూలు గుడ్డ కట్టుకొమ్మని కూడా చెప్పింది, ఉన్ని రాపిడికి నుదుటి మీది జుట్టు తెగుతుందని. ఆ మూడు సలహాలకీ పైసా ఖర్చు లేదు.

ఇక కుంకుడుకాయ. మా అత్తగారికి ఇది మతం. శనివారం మగవాళ్ళకీ, శుక్రవారం ఆడవాళ్ళకీ తలంటి అన్న పాత నియమం మా ఇంట్లో ఇప్పటికీ కొంత మిగిలే ఉంది. ముందురోజు రాత్రి పది పన్నెండు కాయలు పొత్రంతో చితక్కొట్టి, నల్లగింజలు ఏరేసి, వేణ్ణీళ్ళలో నానబెడతారు. పొద్దున్నే పిసికి వడగడితే తేనెరంగు పులుసు, దానిమీద నురగ. ఆ నురగ శాపోనిన్లు అనే పదార్థాలది. బట్టల సబ్బు క్షారం, తల వెంట్రుక పొలుసుల్ని రేపుతుంది. కుంకుడు పులుసు కాస్త ఆమ్లం, ఆ పని చెయ్యదు. ఇంకొక గుణం కూడా ఉంది. మా అపార్టుమెంటులో వచ్చేది బోరు నీళ్ళు. సబ్బు రుద్దితే తెట్టు కట్టి వెంట్రుకలకి అంటుకుంటుంది. కుంకుడుకి ఆ గొడవ లేదు, ఎంత కప్పనీళ్ళలోనైనా తన పని తాను చేసుకుపోతుంది.

అయితే అత్తగారు వినకుండా ఒక మాట. చలికాలంలో ఒక్క కుంకుడే వాడితే జుట్టు గడ్డిలా తయారవుతుంది, అది జిడ్డుని అంత గట్టిగా వదిలిస్తుంది గనక. దీనికి విరుగుడు కూడా మన వంటింట్లోనే ఉంది. పులుసులో గ్లాసుడు పల్చటి గంజి కలుపుకోవచ్చు. లేదా గుప్పెడు మందారాకులు నలిపి ఆ జిగురు తీసి కలుపుకోవచ్చు. మెంతిపిండి చలవ, అది వేసవికి దాచుకోండి. చలిలో చల్లని మెంతిముద్ద నెత్తిన పెట్టుకుని గంట కూర్చోవడం ఎవరి వల్లా కాదు. కళ్ళలో కుంకుడు పడితే మాత్రం మంచినీళ్ళతో బాగా కడుక్కోవాలి. చిన్నప్పుడు మాకు నోట్లో ఉప్పుగల్లు పెట్టేవారు. ఉప్పుగల్లుకీ కంటిమంటకీ ఉన్న సంబంధం నాకు ఈనాటికీ బోధపడలేదు గాని, నోరు మూసుకుని ఉండడానికి అది బాగా పనికొచ్చేది.

షాంపూ వాడేవారు సిగ్గుపడనక్కర్లేదు. ఆ మాట మనదేశపుదే. తల ఒత్తడానికి, మర్దన చెయ్యడానికి హిందీలో చాంపో అంటారు. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండు వెళ్ళి, 1814లో బ్రైటన్ పట్టణంలో ఆవిరి స్నానాలూ మర్దనా చేసే శాల పెట్టాడు. రాజుగారికి కూడా ఆయనే మర్దన చేసే ఉద్యోగి అయ్యాడు. మన తలంటే సముద్రం దాటి సీసాలో దూరి తిరిగి వచ్చిందనుకోండి. చలికాలంలో వారానికి ఒకసారో రెండుసార్లో చాలు. షాంపూ మాడుకి, తరవాత రాసే కండిషనరు చివళ్ళకి. మా అమ్మాయి వాడుక ఇదే, ఇందులో నాకు తప్పేమీ కనబడలేదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ సర్దుబాటుకి లొంగే సంగతులు. నిరుడు మా ఇంటికి వచ్చినది వేరు.

నవంబరు ఆఖరుకి మా అమ్మాయి జుట్టు ఊడడం మొదలుపెట్టింది. రోజూ ఊడేవి కావు. ఎంత ఆరోగ్యంగా ఉన్నా దినానికి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజమే, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఇది తలగడ మీద, దువ్వెనలో, పళ్ళెం అంచున, అన్నింటా కనబడింది. స్నానాలగది తూము రెండుసార్లు పూడుకుంది. నడుం దాటిన జడ డిసెంబరు సగానికి ఎలకతోక అయింది. పిల్ల మాట్లాడడం తగ్గించింది. ఇంట్లో కూడా టోపీ తియ్యడం మానేసింది. కాలేజీ వార్షికోత్సవంలో నాట్యానికి పేరిచ్చినది, వెళ్ళి కొట్టేయించుకుని వచ్చింది. ఆ వారమే బీరువాలో జాకెట్టు గుడ్డ వెతుకుతూంటే నా చేతికి కాగితం పొట్లాలు తగిలాయి. పదకొండు పొట్లాలు. ఏ రోజుకారోజు ఊడిన జుట్టు చుట్టి, పైన తారీకూ అంకే వేసి పెట్టుకుంది. పన్నెండో తారీకు, 240. పదమూడు, 265. పూర్వం రాలిన జుట్టు సవరానికి దాచేవారు. ఇది ఎందుకు దాచిందో అడగడానికి నాకు నోరు రాలేదు.

కారణాలు చెప్పేవారికి కొదవేముంది. అత్తగారు షాంపూ అన్నారు. అమ్మాయి బోరునీళ్ళంది. మావారు చలిగాలన్నారు. పక్కింటావిడ దిష్టి అన్నది. ఎదురింటావిడ తన ఫోనులో ఒక నూనె చూపించింది, సీసా పన్నెండు వందలు, పదిహేను రోజుల్లో మోకాలిదాకా జుట్టు. అంత వేగంగా పెరిగే జుట్టు భూమ్మీద లేదు. వెంట్రుక నెలకి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. ఏ నూనె రాసినా ఆ లెక్క మారదు.

చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడ తల ముట్టుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న, "మూడు నెలల కిందట జ్వరం ఏమైనా వచ్చిందా?" అని. వచ్చింది. సెప్టెంబరులో డెంగీ. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది, ప్లేట్‌లెట్లు పడిపోయి మేమందరం దేవుళ్ళకి మొక్కుకున్నాం. జ్వరం తగ్గింది, పిల్ల కాలేజీకి వెళ్ళింది, ఆ సంగతి అక్కడితో అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు.

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. తల మీద ఉన్న దాదాపు లక్ష వెంట్రుకలూ ఒక్కసారిగా పెరగవు. నూటికి ఎనభై అయిదో తొంభయ్యో పెరుగుతూ ఉంటాయి, కొన్నేళ్ళ పాటు. తక్కినవి విశ్రాంతిలో ఉంటాయి. ఆ విశ్రాంతి సుమారు మూడు నెలలు. అది ముగిశాక పాత వెంట్రుక రాలి, అదే కుదురులో కొత్తది పుడుతుంది. పెద్ద జ్వరమో, ఆపరేషనో, కాన్పో జరిగితే శరీరం ఉన్న శక్తినంతా ప్రాణం కాపాడడానికి మళ్ళిస్తుంది. పెరగవలసిన వెంట్రుకలు ఎన్నో ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. మూడు నెలల తరవాత అవన్నీ కలిసి రాలతాయి. మనవైపు విషజ్వరాలన్నీ వానల్లో, భాద్రపద ఆశ్వయుజాల్లో వస్తాయి గదా. లెక్క కట్టండి. అవి రాల్చే జుట్టు సరిగ్గా మార్గశిర పుష్యాల్లో రాలుతుంది. నింద చలికాలం నెత్తిన పడుతుంది.

ఆవిడ యాభై అరవై వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగారు. నాలుగైదుకి బదులు పదిహేను దాకా వచ్చాయి. ఒకదాని చివర తెల్లని చిన్న బుడిపె చూపించారు. అది వేరు ఊడి వచ్చిందనుకుని భయపడతామట. కాదు, కుదురు లోపలే ఉంది, ఇది వదిలేసిన పాత వెంట్రుక కొస మాత్రమే. నాలుగు నుంచి ఆరు నెలల్లో రాలడం దానంతటదే ఆగుతుందనీ, తల మధ్యన గుండ్రంగా మచ్చలు పడినా, మాడు ఎర్రబడి నొప్పి పెట్టినా, ఆరు నెలలు దాటినా మళ్ళీ రావాలనీ చెప్పారు. రక్తపరీక్షలు రాశారు. థైరాయిడు బాగానే ఉంది. ఒంట్లో ఇనుము నిలవ మాత్రం అడుగంటింది. మాత్రలిచ్చి, వాటి మీద వెంటనే కాఫీ తాగవద్దన్నారు, కాఫీ టీలు ఇనుముని ఒంటపట్టనివ్వవని. మాత్రతో ఒక జామకాయో, కమలాపండో తినమన్నారు. కాఫీ మానమంటే మా ఇంట్లో అది జుట్టు ఊడడం కంటే పెద్ద కష్టం. గంట వెనక్కి జరిపి సర్దుకుంది.

ఇంటికి వచ్చి ఈ కథంతా చెబితే అత్తగారు ఏమీ ఆశ్చర్యపోలేదు. "పసిబిడ్డ తల్లిని చూసి నవ్వడం నేర్చేసరికి తల్లి జుట్టు ఊడుతుందని మా అమ్మ అనేదమ్మాయ్. మూడోనెల్లోనేగా బిడ్డ నవ్వేది?" అన్నారు. డాక్టరుగారి మూడు నెలల లెక్క ఆవిడ దగ్గర వేరే భాషలో ఎప్పటినుంచో ఉంది.

ఆ సాయంత్రమే అనుకుంటాను, మనవరాలి పక్కన మంచం మీద కూచుని ఆవిడ ఒక సంగతి చెప్పారు. పాతికేళ్ళ కాపరంలో నాకెన్నడూ చెప్పని సంగతి. 1961లో ఆవిడకి పద్నాలుగేళ్ళు, ఫోర్తుఫారం చదువుతున్నారు. టైఫాయిడు వచ్చింది. లేచి తిరిగాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడితే, ఇంట్లోవాళ్ళు మంగలిని పిలిపించి గుండు చేయించేశారు. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని ఆనాటి నమ్మకం. ఈనాటికీ ఉంది. కత్తిరించిన వెంట్రుక కొస మొద్దుగా ఉండి తాకితే గరుకుగా తగులుతుంది, అంతకు మించి ఏమీ లేదు. సరే, జుట్టు వచ్చింది. కాని ఆ ఏడాది ఆవిడ బడికి వెళ్ళలేదు. గుండుతో ఎలా వెళతానని ఏడిస్తే, పోనీలే వచ్చాక వెళుదువుగాని అన్నారట పెద్దవాళ్ళు. జుట్టు వచ్చేసరికి సంబంధం వచ్చింది.

"లెక్కల్లో నాకు క్లాసులో ఫస్టు తెలుసునా" అన్నారావిడ.

మా అమ్మాయి ఏమీ అనలేదు. టోపీ తీసి నానమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. మర్నాడు రుమాలు కట్టుకుని కాలేజీకి వెళ్ళింది. నాట్యంలో పేరు మళ్ళీ ఇవ్వలేదు, అప్పటికే ఇంకొకరిని తీసుకున్నారు. పొట్లాలు మాత్రం ఒక ఆదివారం తనే తీసి పారేసింది. ఫిబ్రవరిలో నుదుటి మీద అంగుళం పొడవు పిలకలు నిక్కబొడుచుకుని లేచాయి. ఎంత నూనె రాసినా అణగవు. అవి చూసి ఆనందపడ్డంతగా మేము ఆ ఏడు మామిడి పూత చూసి కూడా ఆనందపడలేదు.

చుండ్రు సంగతి కూడా ఒక్కమాట చెప్పాలి, చలికాలంలో ఇది చాలా ఇళ్ళలో ఉన్న బాధే. తెల్లని పొడి రాలితే వెంటనే గిన్నెడు నూనె మర్దించడం మన అలవాటు. పొట్టు పొడిగా, సన్నగా రాలితే అది చర్మం ఎండడం, నూనెకి తగ్గుతుంది. జిడ్డుగా, పసుపుపచ్చగా పెచ్చులు కట్టి దురద పెడితే అది వేరు. ప్రతివారి మాడు మీదా ఉండే ఒక రకం శిలీంధ్రం అక్కడ పెచ్చుపెరిగిందన్నమాట, దానికి ఆహారమే కొవ్వు. రాత్రంతా నూనె పెట్టి ఉంచడం దానికి విందు చెయ్యడమే. కీటోకోనజోల్ కలిసిన మందు షాంపూ వారానికి రెండుసార్లు రాసి, వెంటనే కడిగెయ్యకుండా మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచాలి. దీన్ని మా అత్తగారికి నచ్చజెప్పడానికి రెండేళ్ళు పట్టింది.

తడితల ఆరబెట్టడం మరో యుద్ధం. తడితలతో తిరిగితే జలుబు చేస్తుందని అత్తగారు, జలుబు వైరసు వల్ల వస్తుందని అమ్మాయి. శాస్త్రం అమ్మాయి వైపే ఉన్నా, పనిలో అత్తగారి మాటే మంచిది. తడిసిన వెంట్రుక బలహీనంగా ఉంటుంది, అప్పుడు దువ్వితే సాగి తెగుతుంది. తడి జుట్టు ముడేసి పడుకుంటే వాసన పట్టి దురద పెడుతుంది. అందుచేత చలిరోజుల్లో సాయంత్రం తలంటు మా ఇంట్లో నిషిద్ధం. పదకొండు గంటల ఎండలో పాత నూలుచీర ముక్కతో అద్దుకుని, ఆరాక వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకోవడం మేలు. ఉద్యోగాలకు పోయేవారికి అంత వ్యవధి ఉండదు నిజమే. డ్రయరు గోరువెచ్చగా పెట్టి, జానెడు దూరంలో పట్టుకోండి.

సాంబ్రాణి పొగ నాకూ ఇష్టమే. తలంటుకున్న జుట్టుకి ఆ వాసన పడితే రెండు రోజులు పోదు. కాని నిప్పుల కుంపటి వరండాలో ఉండాలి, తలుపులు బిగించిన గదిలో కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం గ్యాసు గీజరు. చలి అని కిటికీ మూసి, చంటిపిల్ల తలంటు అని అరగంట వేణ్ణీళ్ళు తిప్పుతారు. గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. తల దిమ్ముగా ఉంటుంది, వాంతి వస్తుంది, కాళ్ళు తేలిపోతాయి, తలుపు గడియ తీసేలోపలే పడిపోతారు. ఏటా చలికాలంలో ఇటువంటి చావుల వార్తలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. గ్యాసు గీజరు ఉన్నవారు దాన్ని స్నానాలగది బయట పెట్టించుకోవాలి. నీళ్ళు బయటే బకెట్లో పట్టుకుని, గీజరు ఆపి లోపలికి వెళ్ళడం ఇంకా మంచిది. బకెట్లో వేసే కరెంటు రాడ్డు వాడేవారు ప్లగ్గు తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాలి. ఇది చెప్పినప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఈ ఏడు భోగి తలంటికి ఏర్పాట్లు మొన్ననే మొదలయ్యాయి. కుంకుళ్ళు ఎండబెట్టారు, సున్నిపిండి పట్టించారు. ప్రతి ఏడూ అందరి మాడునా నూనె పెట్టి దీవించేది అత్తగారే. ఈసారి ఆవిడ చెయ్యి వణుకుతోంది, గిన్నె ఒలుకుతోంది. అందుకని పోయిన శుక్రవారం మా అమ్మాయే నూనెగిన్నె తీసుకుని ఆవిడని పీట మీద కూచోబెట్టింది. భుజాల దాకా వచ్చిన తన జుట్టుని రబ్బరుబాండుతో పైకి బిగించి, నానమ్మ తలకి తలంటు మొదలుపెట్టింది. ఉన్నది పిడికెడు తెల్లజుట్టు. అరచెంచాడు నూనె చాలని నేను చెప్పాను, పిల్ల అరచెంచాడే వేసింది.

"ఇంకాస్త వెయ్యవే పిసినారీ, మంచినూనె అది" అన్నారు అత్తగారు కళ్ళు మూసుకునే.